మూడు ఊళ్ళ కోపం, ఒక గ్రూపు

2022 జనవరి 26 పొద్దున మా పదో తరగతి వాట్సాప్ గ్రూపులో జెండా వందనం ఫొటోలు వస్తుండగా వాటి నడుమ ఒక మ్యాపు పడింది. అనంతపురం జిల్లాను రెండు రంగుల్లో విడదీసిన మ్యాపు. దక్షిణం పక్క ముక్కకు పేరు శ్రీ సత్యసాయి జిల్లా, కేంద్రం పుట్టపర్తి. పైన రెండు బాణాల గుర్తు, ‘చాలాసార్లు ఫార్వర్డ్ చేయబడింది’ అని. మధ్యాహ్నం అన్నాల వేళకు గ్రూపులో పలకరింపులు ఆగిపోయి తిట్లు మొదలైనాయి.

మాది కొత్తచెరువు. ధర్మవరం, పెనుకొండ, పుట్టపర్తి దారులు వచ్చి కలిసే ఊరు. చదువులు అయిపోయినాక ఆ దారులు పట్టుకునే తలా ఒక దిక్కుకు పోయినారు. ఒకడు హిందూపురంలో చింతపండు మండీలో గుమాస్తా. ఒకడు ధర్మవరంలో మగ్గం నేస్తాడు. ఒకామె పెనుకొండ పక్క పల్లెలో టీచరు. ఇంకొకడు పెనుకొండ కోర్టులో వకీలు. ఎర్రమంచి దగ్గర కియా ఫ్యాక్టరీ వచ్చినాక అక్కడి కార్మికుల బస్సు నడిపేవాడొకడు. బెంగళూరులో కొందరు, కువైట్‌లో ఇద్దరు. ఊరు విడవకుండా సర్కిల్ దగ్గర జిరాక్స్, డీటీపీ అంగడి పెట్టుకున్నవాణ్ణి నేను. అర్జీలు టైపు చేయడం నా బతుకుదెరువు. పింఛను ఆగిపోయిన ముసలాయన, అడంగల్‌లో పేరు మారిపోయిన రైతు, ఇంటిస్థలం రాని ఆడమనిషి, వీళ్ళ మాట విని దాన్ని ఆఫీసు భాషలోకి మార్చి కాగితం మీద పెట్టేది నా పని.

2016 సెప్టెంబరులో జియో వచ్చి డేటా చేతికందినాక మా అందరికీ వాట్సాప్ వచ్చింది. అప్పటిదాకా టీ అంగడి దగ్గర నలుగురు కూచుని మాట్లాడుకునే రాజకీయం ఫోన్‌లోకి పోయింది. ఒక తేడా మాత్రం నేను మొదటి నుంచీ గమనిస్తూనే వచ్చినాను. టీ అంగడి దగ్గర ఎంత గొడవపడినా ఎదుటివాడి మొహం కనపడుతుంది, వాడి చొక్కా చినిగి ఉందా లేదా కనపడుతుంది. గ్రూపులో కనపడేది పార్టీ ఒక్కటే.

మ్యాపు పడినప్పుడు మా ఊరివాళ్ళు సంబరపడిన మాట నిజం. పుట్టపర్తి మాకు పక్కనే. 2000లో ప్రారంభమైన ప్రశాంతి నిలయం రైల్వే స్టేషన్ మాకూ పుట్టపర్తికీ నడుమే ఉంది. పెద్దాసుపత్రి ఉంది, విమానాలు దిగే రన్‌వే ఉంది, ఇక కలెక్టరాఫీసు కూడా వస్తే మన ఊరు ఎక్కడికో పోతుంది అని ఒకడు రాసినాడు. ప్లాట్ల వ్యాపారం చేసే ఇంకొకడు సాయంత్రానికల్లా రోడ్డు పక్క వెంచర్ బ్రోచర్ పెట్టేసినాడు. దాని కింద హిందూపురం స్నేహితుడి మొదటి మెసేజ్: “మా పేరు మీద జిల్లా తెచ్చుకుని మీ ఊర్లో పెట్టుకుంటాండారా?”

వాడి కోపానికి కారణముంది. ప్రతి లోక్‌సభ నియోజకవర్గాన్నీ ఒక జిల్లా చేస్తామన్నది 2019 ఎన్నికల్లో ఇచ్చిన మాట. మా లోక్‌సభ నియోజకవర్గం పేరు హిందూపురం. 2011 లెక్కల్లో ఆ పట్టణ జనాభా లక్షన్నర, పుట్టపర్తిది పదిహేను వేల చిల్లర. మండీలు, ఫ్యాక్టరీలు, రైలు అన్నీ ఉన్న ఊరిని కాదని పక్క ఊరికి పీఠం వేస్తే ఆ ఊరి మనిషికి ఎట్లా ఉంటుంది? ధర్మవరం వాళ్ళకు ఇంకొక దెబ్బ. తమ రెవెన్యూ డివిజన్ ఎగిరిపోతుందని అక్కడ ధర్నాలు మొదలైనాయి. పెనుకొండ వకీలు తన వంతుగా 1565 తర్వాత విజయనగర రాజులు కొలువు తీరిన ఊరు తమదని గుర్తుచేసినాడు. అనంతపురం జిల్లా 1882లో బళ్ళారి నుంచి విడిపోయింది. అప్పటికి నూట నలభై ఏండ్లుగా మాకు జిల్లా అంటే అనంతపురమే. మడకశిర అవతల కర్ణాటక సరిహద్దు పల్లె నుంచైనా సరే, పెద్ద ఆఫీసు పని పడితే అక్కడికే పోవాల్సి వచ్చేది. అంత పాత ముడి ఒక్క రోజులో విప్పితే మనుషులు కదిలిపోక ఏమవుతారు!

ఇదంతా పార్టీల తగాదా అని అప్పట్లో చాలామంది తీసిపారేసినారు. నేను అట్లా అనుకోలేదు, ఇప్పుడూ అనుకోను.

ఫిబ్రవరి మొదటి వారం గ్రూపుకు గడ్డుకాలం. మూడో తేదీ ప్రభుత్వ ఉద్యోగుల చలో విజయవాడ జరిగింది. జనవరిలో వచ్చిన వేతన సవరణ (పీఆర్సీ) జీవోల్లో ఫిట్‌మెంట్ 23 శాతం. అంతకుముందు ఇస్తున్న మధ్యంతర భృతే 27 శాతం. ఇంటద్దె భత్యం కూడా కోసేసినారు. పోలీసులు దారుల్లో ఆపుతుంటే ఉద్యోగులు, టీచర్లు వేషాలు మార్చుకుని మరీ విజయవాడ చేరినారు. ఆ దృశ్యాలు టీవీలో చూస్తూ మా గ్రూపులో ఒకడు, “నెలకు అన్ని వేలు తీసుకునేవాళ్ళకు కూడా రోడ్డెక్కే కష్టం ఉంటుందా” అని రాసినాడు. ఇద్దరు ముగ్గురు దానికి బొటనవేలు చూపించినారు. టీచరమ్మ ఏమీ అనలేదు. ఉద్యోగుల ప్రవర్తన నియమావళి అని ఒకటుంది, గ్రూపులో ఒక్క మాట స్క్రీన్‌షాట్ అయి ఎక్కడికి పోతుందో అన్న భయం ఆమెకు ఎప్పుడూ ఉండేది. ఆ రాత్రి నాకు విడిగా మెసేజ్ పెట్టింది. “నేను 2004 సెప్టెంబరు తర్వాత చేరినాను. పాత పింఛను నాకు లేదు. మా నాయన టీచరు, రిటైరైనాక ఆయన పింఛనుతోనే మా తమ్ముడి చదువు అయింది. రేపు నేను రిటైరైతే నా చేతిలో ఏముంటుందో నాకు తెలీదు. అది గ్రూపులో చెప్పుకోలేను.”

ఆ మెసేజ్ ఆమె పేరుతో ఎవరికీ చూపించలేదు. కానీ మరుసటి రోజు గ్రూపులో సీపీఎస్ అనే కొత్త పింఛను పద్ధతి అంటే ఏమిటో, జీతంలో పది శాతం కోసి మార్కెట్‌లో పెడితే చివరికి వచ్చేది ఎంతో ముందుగా ఎందుకు చెప్పలేరో నేను వివరంగా రాసినాను. అర్జీలు రాసేవాణ్ణి కాబట్టి పింఛను కాగితాలు నాకు పరిచయమే. ఆ ‘అన్ని వేలు’ మాట అన్నవాడు చదివి, “మా బావ కూడా దాంట్లోనే ఉండాడు, నాకు ఇది తెల్దు” అన్నాడు. అంతే. వాదన అక్కడితో ఆగింది.

నాలుగో తేదీ హిందూపురంలో ఎమ్మెల్యే బాలకృష్ణ మౌనదీక్షకు కూచున్నారు. హిందూపురాన్ని జిల్లా కేంద్రం చేయాలని డిమాండు, అవసరమైతే రాజీనామాకైనా సిద్ధమని ఆయన మాట. మా హిందూపురం స్నేహితుడు ఊరేగింపులో ఉన్నాడు, అక్కడి నుంచే ఫొటోలు పెడుతున్నాడు. దానికి మా ఊరివాళ్ళలో ఒకడు సినిమా మీమ్ ఒకటి వదిలినాడు. దాని మీద ఇంకొకటి. రాత్రి చూస్తే మెసేజ్‌ల నడుమ బూడిదరంగు అక్షరాల్లో ఒక గీత: హిందూపురం వాడు గ్రూపు నుంచి వెళ్ళిపోయినాడు. చిన్నప్పుడు నా పక్క బెంచీలో కూచున్న మనిషి. మొబైల్ తెర మీద ఆ ఒక్క గీత చూస్తే నాకు నిద్ర పట్టలేదు.

తెల్లారినాక ఫోన్ చేసినాను.

“ఏమప్పా, గ్రూపు ఇడిసిపెట్టి పోయినావు?”

“ఇంకేం చేయమంటావు రా? మీకు ఇంటి ముందర కలెక్టరాఫీసు. మా కడుపుమంట మీకు ఆటైపాయ.”

“ఆట కాదులే. నీకు దేంట్లో ఇబ్బంది అయితాంది, అది చెప్పు ముందు.”

కొంచెంసేపు ఏం మాట్లాడలేదు. మండీలో తూకం వేసేవాళ్ళ కేకలు వినపడుతున్నాయి. తర్వాత చెప్పినాడు. వాళ్ళమ్మకు చిలమత్తూరు పక్కన ఎకరన్నర భూమి. ఆన్‌లైన్ భూమి రికార్డు వెబ్‌ల్యాండ్‌లో ఇంకొకరి పేరెక్కింది. ఆ పేరు తీయించడానికి తల్లీకొడుకులు ఆఫీసుల చుట్టూ తిరుగుతున్నారు. “అనంతపురానికైతే రైలెక్కిస్తే దిగేది కలెక్టరాఫీసు ఊర్లోనే. ఇప్పుడు మా అమ్మను యా బస్సెక్కించి యాడ దింపల్ల? మోకాళ్ళు పట్టుకుపోయినాయి ఆమెకు. ఇది చెప్తే మీరు నమ్మరు. బాలయ్య మనిషి అంటారు.”

“నమ్ముతానప్పా. ఇది రాస్తాం పట్టు.”

నోటిఫికేషన్ మీద అభ్యంతరాలు చెప్పుకోవడానికి ముప్పై రోజులు గడువు ఇచ్చినారు, ఫిబ్రవరి 26 దాకా. 1974 నాటి జిల్లాల ఏర్పాటు చట్టంలోనే ఆ అవకాశం ఉంది. కలెక్టరు పేరు మీద రాసి ఇవ్వాలి. అప్పుడు నాకు ఒక సంగతి తట్టింది. గ్రూపులో రోజుకు వంద మెసేజ్‌లు రాస్తున్నవాళ్ళలో ఒక్కరు కూడా ఆ కాగితం రాయలేదు. రాయొచ్చని కూడా చాలామందికి తెలీదు. తిట్టుకోవడానికి ఫోన్ చేతిలో ఉంది, అడగడానికి దారి ఉందని మాత్రం ఎవరూ ఫార్వర్డ్ చేయలేదు.

హిందూపురం స్నేహితుడి అర్జీ నా అంగట్లోనే టైపు చేసినాను. వాడు మొదట పంపిన ముసాయిదాలో ‘హిందూపురానికి తీరని అన్యాయం’ అని మూడుసార్లు ఉంది. అది తీసేయించినాను. ఆఫీసులో కాగితం చూసేవాళ్ళు ముందు ‘విషయం’ అన్న వరుస చూస్తారు, తర్వాత ఊరు, మండలం, సర్వే నంబరు చూస్తారు. అన్యాయం అని రాస్తే పక్కన పెట్టడం సులభం. ఫలానా పల్లె నుంచి పుట్టపర్తి చేరడానికి ఎన్ని బస్సులు మారాలి, ఆరోగ్యం బాగలేని మనిషికి తిరిగి రాను ఎంత పొద్దవుతుంది, ఛార్జీ ఎంతవుతుంది అని రాస్తే దానికి జవాబు చెప్పాల్సి వస్తుంది. వాళ్ళ పల్లెలో ఇంకా ఎవరెవరికి ఇట్లాంటి పనులున్నాయో అడిగి కనుక్కోమన్నాను. రెండు దినాల్లో వాడు సంతకాలు, వేలిముద్రలు సేకరించి పంపినాడు.

మా ఊరివాళ్ళు నన్ను నిలదీసినారు. ప్లాట్ల వ్యాపారి అంగడికే వచ్చినాడు. “నువ్వు యా ఊరోడివి రా? మన నోటికాడ కూడు తీసి వాళ్ళకు పెట్టే అర్జీ నీ అంగట్లోనా?”

“వాళ్ళమ్మ మనకు సంగటి పెట్టింది గుర్తుందా నీకు? ఆమె అర్జీ ఇది,” అన్నాను.

“దానికీ దీనికీ ఏం సంబంధం?” అని వెళ్ళిపోయినాడు. వాడి మాట నాకు బాధ కలిగించలేదు. వాడి ఊరి మేలు వాడు కోరుకుంటున్నాడు. నాకు కూడా కలెక్టరాఫీసు దగ్గరికొస్తే నాలుగు అర్జీలు ఎక్కువే వస్తాయి. కానీ నా ఊరికి మేలు జరిగే చోట ఇంకొకరికి కీడు ఎక్కడ జరుగుతున్నదో నేనే రాసిస్తే, అది నా ఊరికి ద్రోహం ఎట్లా అవుతుంది?

గ్రూపులో అసలు మార్పు ధర్మవరం వాడి వల్ల వచ్చింది. ఆ మనిషి ఎప్పుడూ ఏమీ రాసేవాడు కాదు. ఒక రాత్రి వాయిస్ మెసేజ్ పెట్టినాడు. తెరిస్తే ముందు మాట వినపడలేదు, మగ్గం చప్పుడు వినపడింది. గుంతమగ్గంలో కాళ్ళు దిగేసి కూచుని, పలక తోసుకుంటూనే మాట్లాడుతున్నాడని తెలుస్తూనే ఉంది. పలక పడినప్పుడల్లా మాట ఆగుతుంది, మళ్ళీ మొదలవుతుంది.

“మీరంతా జిల్లా జిల్లా అని కొట్టుకుంటాండారు. నాకు ఆఫీసు యాడుంటే ఏమి? 2019 డిసెంబరులో మా ధర్మవరంలోనే సభ పెట్టి నేతన్నలకు ఇరవై నాలుగు వేలు మొదలుపెట్టినారు. నేనూ పోయి కూచున్న్యా సభలో. తీరా చూస్తే సొంత మగ్గం ఉన్నోళ్ళకే అంట. నా మగ్గం నాది కాదు, సావుకారుది. చిన్నప్పటి నుంచి నేసేది నేను. లెక్కలో ల్యాకుండా పోయింది నేను. ఈ మాట పోయినసారి రాస్తే ఫలానా పార్టీవాడివి అన్నారు నన్ను. అందుకే రాయడం మానుకున్న్యా.”

చప్పుడు ఇంకొంచెంసేపు నడిచి ఆగిపోయింది. దాని కింద ఎవరూ ఏమీ రాయలేదు. అందరూ విన్నట్టు గుర్తులు మాత్రం పడుతున్నాయి. చాలాసేపటికి కువైట్‌లో డ్రైవరుగా ఉన్నవాడు అడిగినాడు: “ఒక చీర దిగను ఎన్ని దినాలు పడుతుంది రా?”

ఆ ఒక్క ప్రశ్న తర్వాత వాడు ఆ రాత్రి అంతా చెప్పినాడు. మంచి అంచు చీర అయితే వారం పది దినాలు. ఇంట్లో ఆడవాళ్ళు కండెలు చుడతారు, ఆ పనికి వేరే కూలి ఉండదు. పట్టు ధర పెరిగితే సావుకారు కూలి పెంచడు, చీర ధర పడితే కూలి తగ్గిస్తాడు. 1985లో చట్టం చేసి కొన్ని రకాల బట్టలు చేమగ్గానికే అన్నారు, పట్టుచీరా అందులో ఉంది. అయినా మరమగ్గం చీర అదే అంచుతో సగం ధరకు అంగట్లో దొరుకుతుంది. కొనేవాళ్ళకు తేడా తెలీదు. “మీ ఇండ్లల్లో పెండ్లికి కొన్న చీర యాడ నేసిందో తెలుసా మీకు?” అని వాడు అడిగితే బెంగళూరులో ఉన్న ఆడపిల్లలు ఇద్దరు తమ చీరల ఫొటోలు పెట్టినారు. వాడు ఫొటో చూసే చెప్పినాడు, ఇది మగ్గం, ఇది మర అని. వెనుక పక్క దారాలు చూపించమన్నాడు. ఎంతో కాలం తర్వాత ఆ గ్రూపులో ఒక మనిషి తనకు తెలిసిన పనిని గురించి మాట్లాడుతుంటే తక్కినవాళ్ళు విన్నారు.

వాణ్ణి పార్టీవాడన్నది మా ప్లాట్ల వ్యాపారే. వాడు క్షమించమని అడగలేదు. మరుసటి రోజు సచివాలయంలో పనిచేసే తన మేనల్లుణ్ణి అడిగి పథకం అర్హత నిబంధనల కాగితం ఫొటో తెచ్చి పెట్టినాడు. ‘సొంత మగ్గం’ అన్నచోట పెన్నుతో గుండ్రంగా చుట్టినాడు. కింద, “నువ్వు చెప్పింది కరెక్టే రా” అని రాసినాడు. నాకు తెలిసి వాడు ఆ గ్రూపులో ఇంకొకరితో ఒప్పుకున్న మొదటి మాట అది.

మనుషులకు కోపం వచ్చేది భూమి మీద, కూలి మీద, పింఛను మీద, బస్సు మీద. దాన్ని చెప్పడానికి మాత్రం చేతికందేది పార్టీవాళ్ళు తయారుచేసి పంపిన మాటలే. రెండు పక్కలా ఆ పని కోసమే జీతాలిచ్చి పెట్టుకున్న మనుషులున్నారు. వాళ్ళ వీడియో మన కోపాన్ని ఎత్తుకుపోయి తన పని చేయించుకుంటుంది. అప్పుడు మన ఎకరన్నర సంగతి ఎవరికీ గుర్తుండదు, మనకు కూడా. దీనికి విరుగుడు రాజకీయం మాట్లాడకుండా ఉండడమని కొందరు పెద్దలు చెబుతారు. ‘గ్రూపులో రాజకీయాలు వద్దు’ అని రూలు పెట్టమని అడ్మిన్ అయిన నా మీద ఒత్తిడి తెచ్చినారు. నేను పెట్టలేదు. రాజకీయం మాట్లాడొద్దంటే ధర్మవరం వాడు మళ్ళీ నోరు మూసుకోవాల్సిందే, టీచరమ్మ సంగతి చెప్పనే అక్కరలేదు.

భయం కూడా ఉండేది, దాచుకోవడమెందుకు. 2020 మేలో విశాఖ ఎల్‌జీ పాలిమర్స్ గ్యాస్ ప్రమాదం మీద ఫేస్‌బుక్‌లో పెట్టిన పోస్టుకు గుంటూరులో అరవై దాటిన ఒక మహిళను సీఐడీ విచారణకు పిలిచింది. ఆ వార్త మా గ్రూపులో చాలామంది నోళ్ళు మూయించింది. గ్రూపులో ఎవడేమి పెట్టినా అడ్మిన్‌ను లోపలేస్తారని ఒక ఫార్వర్డ్ ఏండ్ల తరబడి తిరుగుతుండేది. మా ఇంట్లో ఆమె ఆ ఫార్వర్డ్ చూసి, “మనకెందుకు ఇది, ఇంకెవరికైనా ఇచ్చేసేయ్” అని పోరుపెట్టేది. అదే 2022 ఫిబ్రవరి 23న కేరళ హైకోర్టు, సభ్యులు పెట్టినదానికి అడ్మిన్‌ను బాధ్యుణ్ణి చేయడం కుదరదని తీర్పిచ్చింది. మా పెనుకొండ వకీలు దాన్ని తెలుగులో నాలుగు ముక్కల్లో రాసి పెట్టినాడు. 2015లోనే సుప్రీంకోర్టు ఐటీ చట్టంలో 66ఏ సెక్షన్ కొట్టేసిన సంగతి కూడా అప్పుడే చాలామందికి తెలిసింది. తిట్టు వేరు, విమర్శ వేరు, ఆడవాళ్ళ మీద రోతమాటలకు ఏ తీర్పూ అడ్డం పడదు అని కూడా వాడు గట్టిగా చెప్పినాడు. ఆ మాట అందరికీ అవసరమే.

గడువులోపల అర్జీలు పోయినాయి. హిందూపురం వాడిది, ధర్మవరం డివిజన్ ఉంచాలని ధర్మవరం వాళ్ళది, కేంద్రం పుట్టపర్తే ఉండాలని మా ఊరివాళ్ళది కూడా. మూడూ నేనే టైపు చేసినాను. ఏప్రిల్ 4న 26 జిల్లాల రాష్ట్రం మొదలైంది. కేంద్రం పుట్టపర్తే. ధర్మవరం డివిజన్ నిలిచింది. అది మా ఒక్క కాగితంతో అయ్యిందని చెప్పను, అక్కడ రోడ్ల మీద కూచున్నవాళ్ళు ఎందరో. హిందూపురం కోరిక తీరలేదు. ఆ రాత్రి వాడికి ఫోన్ చేస్తే, “రాసి ఇచ్చినాం కదప్పా, అది చాలు. లేకుంటే ఇంకా మండుతా ఉండు” అన్నాడు. మరుసటి వారం గ్రూపులోకి తిరిగి వచ్చినాడు.

ఆ తర్వాత ఒక సోమవారం వాళ్ళమ్మను కలెక్టరాఫీసులో అర్జీలు తీసుకునే స్పందనలో అర్జీ ఇప్పించడానికి పుట్టపర్తికి తీసుకొచ్చినాడు. పెనుకొండ మీదుగా బస్సు మారి కొత్తచెరువులో దిగినారు. ఎండ దంచుతోంది. ఆమె చంకలో ఒక గుడ్డసంచి. అంగట్లో బల్ల మీద సంచి విప్పితే పాసుపుస్తకం, 1బీ నకళ్ళు, పాత శిస్తు రసీదులు ఒకదాని మీద ఒకటి మడిచి దారంతో కట్టి ఉన్నాయి. మడతలు పడినచోట కాగితం చినిగి అక్షరాలు పోయినాయి. సర్వే నంబరు ఆమెకు నోటికి వచ్చు, కాగితంతో పనిలేకుండా చెప్పింది. జిరాక్స్ తీసి ఇస్తుంటే అంగడి ముందర ఆటో ఆగింది. దిగింది మా ప్లాట్ల వ్యాపారి. నేను పిలవలేదు, గ్రూపులో వాళ్ళు వస్తున్నారని చూసి వచ్చినాడు. “పెద్దమ్మా, బాగుండావా? ఎక్కు, కలెక్టరాఫీసు కాడికి నేను తోలుకపోతా” అన్నాడు. ఆమె సంచిలో నుంచి పచ్చి బుడ్డలు తీసి వాడి దోసిట్లో పోసింది. వాళ్ళిద్దరి నడుమ జిల్లా మాట రాలేదు.

ఆమె పేరు వెబ్‌ల్యాండ్‌లో సరికావడానికి ఇంకా కొన్ని నెలలు పట్టింది. తర్వాత రీసర్వేలో పొలం విస్తీర్ణం తగ్గిపోయి కనిపించింది. మళ్ళీ అర్జీ.

2024 ఎన్నికలు మా గ్రూపును మరీ గట్టిగా పరీక్షించినాయి. ధర్మవరంలో అప్పటి ఎమ్మెల్యే కేతిరెడ్డి వెంకటరామిరెడ్డి ‘గుడ్ మార్నింగ్ ధర్మవరం’ అని తెల్లారి వీధుల్లో తిరిగి జనం మాట వినే వీడియోలు తెలుగువాళ్ళు ఉన్న ప్రతి దేశంలో చూసినారు. కువైట్ నుంచి మావాడు, “అట్లాంటి ఎమ్మెల్యే మనకుంటే” అని రాసేవాడు. జూన్ 4న ఆయన మూడున్నర వేల పైచిలుకు ఓట్లతో ఓడిపోయినారు. గ్రూపులో అందరూ ధర్మవరం వాణ్ణే అడిగినారు ఎందుకని. “వీడియోలో కనపడేది ఒక వీధి. నా వీధి సంగతి నన్నడగండి, పక్క వీధి సంగతి నాకు తెల్దు” అన్నాడు వాడు. ఎంతో మంది విశ్లేషకుల మాటలు విన్నాను, వాడంత జాగ్రత్తగా మాట్లాడినవాళ్ళు తక్కువ.

ప్రభుత్వం మారింది. స్పందన పోయి ప్రజా సమస్యల పరిష్కార వేదిక వచ్చింది. స్పందనకు ముందు మీకోసం ఉండేది, ఇంకా ముందు ప్రజావాణి. పేరు మారినప్పుడల్లా నేను అర్జీ పైన శీర్షిక మార్చుకుంటాను. కింద విషయం మారదు. 2024 నవంబరులో ఓడిన పార్టీ సోషల్ మీడియా కార్యకర్తల మీద కేసుల వరస మొదలైంది. 2020లో ఇది తప్పు అన్నవాళ్ళలో కొందరు ఇప్పుడు ఇది కరెక్టు అన్నారు, అప్పుడు కరెక్టన్నవాళ్ళు ఇప్పుడు తప్పన్నారు. టీచరమ్మ మొదటిసారి గ్రూపులో పెద్ద మెసేజ్ రాసింది ఆ రోజే. బూతులు రాసినవాళ్ళను వదలమని నేను అనను, కానీ ప్రశ్న అడిగినవాణ్ణి అదే తాటితో కట్టొద్దు, అది ఎవరి రాజ్యంలో అయినా సరే అని. ఆమె పేరుతోనే రాసింది.

2025లో చేమగ్గాల ఇండ్లకు నెలకు 200 యూనిట్ల ఉచిత కరెంటు ప్రకటన వచ్చినప్పుడు రెండు పార్టీలవాళ్ళూ ధర్మవరం వాడి మాట కోసం చూసినారు. “మంచిదే. దీపం ఖర్చు తప్పుతుంది. కానీ మగ్గం నేను కాలితో తొక్కేది, కరెంటుతో కాదు. నా పేరు జాబితాలో ఎక్కల్ల, అదీ నేను అడిగేది” అన్నాడు.

ఇప్పుడు గ్రూపులో నడుస్తున్న పని అదే. సావుకారు మగ్గాల మీద కూలికి నేసేవాళ్ళ జాబితా వాడి వీధి నుంచి మొదలుపెట్టినారు. పేరు, వయసు, గుర్తింపు కార్డు ఉందా లేదా, ఎవరి మగ్గం, ఎన్నేండ్లుగా నేస్తున్నారు. వాడు చెప్పగా కొడుకు ఫోన్‌లో ఎక్కిస్తాడు, నేను పట్టికలో పెడతాను. సావుకారు పేరు బయటపడితే పని పోతుందని కొందరు వెనకాడినారు. అందుకని మగ్గం యజమాని గడిని పట్టిక నుంచి తీసేయమని వకీలు సలహా ఇచ్చినాడు. ఎవరికీ పని పోకుండా అర్హత రుజువు చేయడం ఎట్లా అన్నది ఇంకా తేలలేదు. వార్డు సచివాలయం వాళ్ళు ఇంటికొచ్చి చూసి రాసిస్తే చాలునా అని హిందూపురం వాడు తమ పక్క చేనేత వీధుల్లో కనుక్కుంటున్నాడు. ప్లాట్ల వ్యాపారి చేనేత శాఖ ఆఫీసులో తెలిసినవాళ్ళెవరైనా ఉన్నారేమో వెతుకుతున్నాడు. అర్జీ మొదటి ప్రతి మీద దిద్దుబాట్లు రాత్రి పదకొండు దాకా వస్తూనే ఉన్నాయి. ‘విషయం’ వరుసలో ‘కూలి’ అని పెట్టాలా ‘నేత కార్మికుడు’ అని పెట్టాలా అన్న దగ్గర ధర్మవరం వాడు పట్టుబట్టి ‘నేత కార్మికుడు’ అనే రాయించుకున్నాడు.